ఒక్క రాత్రి రసీదు

ఇరవై రెండేళ్లు తలుపులు తట్టాను,
సన్రికు తీరాన, సైకిలు మీద,
రెండు నెలలకోసారి, ప్రసార రుసుము కోసం.
సంచిలో రసీదులు,
నడుములో ముందే వంగిన మర్యాద.

లోపల టీవీ నవ్వుతూ ఉంటుంది,
నేను గంట నొక్కగానే నవ్వు నోరు మూసుకుంటుంది.
"మాకు టీవీ లేదండీ" అంటాడు కుర్రాడు.
వాడి వెనక గోడ మీద
నీలి వెలుగు ఇంకా వణుకుతూనే ఉంటుంది.
కారణం గడిలో రాసుకుంటాను: లేదట.
ఆ ఒక్క "ట" మీదే
నా ఉద్యోగమంతా నిలబడింది.

మికామి గారు మాత్రం
బిస్కెట్ల డబ్బాలో చిల్లర లెక్కపెట్టి ఉంచేది,
ముల్లంగి ఊరగాయ ముక్కతో సహా.
"ఆ వార్తలు చదివే అబ్బాయికి చెప్పు,
నా డబ్బుతో మాట్లాడుతున్నాడు కదా,
కాస్త నిదానంగా మాట్లాడమను."
చెప్తానండీ అనేవాణ్ణి.
ఎవరికి చెప్పాలో నాకు తెలిస్తే కదా.

ఒనోదెరా షోజో, పడవ ఇంజన్ల మెకానిక్కు,
పదకొండేళ్లు పైసా కట్టలేదు.
గ్రీజు చేతులతోనే గడపలో నిలబడి అడిగేవాడు:
"నే చూడని నాటకాలకి నేనెందుకయ్యా కట్టాలి?
అడగని భోజనం వడ్డించి బిల్లు తెస్తావా?
చేపలు ఎండబెట్టుకునే ముసలమ్మా అంతే,
పది పడవలున్న ఆసామీ అంతే,
ఇదెక్కడి లెక్క?"
నా దగ్గర కమీషన్ ఉంది, జవాబు లేదు.
నిరాకరణ, అని రాసుకుని
సైకిలెక్కేవాణ్ణి.

తర్వాత ఆ మార్చి.
నేల ముందు, నీళ్లు తర్వాత.

కొండ మీది బడి జిమ్‌లో చీకట్లో
మూడు వందల మందిమి.
ఫోన్లన్నీ చచ్చిపోయాయి.
ఉన్నది ఒక్కటే రేడియో, ఒనోదెరాది,
పడవలో వాడేది, ఉప్పుకి మొహం తెల్లబడ్డది.
మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు
చంటిబిడ్డను పెట్టుకున్నట్టు.
అందులో ఒక గొంతు
ఊళ్ల పేర్లు చదువుతోంది, అల ఎత్తు చదువుతోంది,
మళ్లీ ఊళ్ల పేర్లు.
నిదానంగా. ఎంత నిదానంగానో.
వినడానికి మికామి గారు లేరు.

కట్టినవాళ్లు ఇటు, కట్టనివాళ్లు అటు
అని ఆ గొంతు అనలేదు.
బ్యాటరీలు నీరసించాక
ఎవరో టార్చి విప్పి ఇచ్చారు.
ఒనోదెరా నా వైపు చూడలేదు,
నేనూ అతని వైపు చూడలేదు.

నెల తిరిగాక జాబితా పట్టుకుని దిగాను.
కారణం గడిలో మూడే వీలున్నాయి:
ఇల్లు మారారు, టీవీ లేదు, నిరాకరణ.
మెట్లు ఉన్నాయి, తలుపు లేదు
అనడానికి గడి లేదు.

తాత్కాలిక రేకుల గదుల దగ్గర
ఒనోదెరాయే పిలిచాడు.
"ఆ రాత్రికి కడతాను. నాటకాలకి కాదు.
ఒక్క రాత్రికి ఎంతవుతుంది?"
నెల రుసుమును ముప్పైతో భాగించాం,
సిమెంటు సంచి అట్ట మీద, అతని పెన్సిలుతో.
నలభై నాలుగు యెన్లు.
యాభై బిళ్ల ఇచ్చి ఆరు యెన్ల చిల్లర అడిగాడు,
రసీదు కూడా అడిగాడు.
ఒక్క రాత్రికి రసీదు మా పుస్తకంలో లేదు.
చేత్తో రాసిచ్చాను.
తేదీ చూసుకుని, మడిచి,
టోపీ లోపల పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కూడా అతను కట్టలేదు.

ఇప్పుడు తలుపు తట్టేవాళ్లే లేరు, ఉత్తరాలు వస్తాయి.
మా మనవరాలు చినామి అంటుంది,
"కావాలనుకున్నవాళ్లే కట్టుకోవచ్చు కదా తాతా,
సినిమాల యాప్‌కి కట్టినట్టు?"
దాని మాటా నిజమే.
ఒనోదెరా మాటా నిజమే, ముసలమ్మ లెక్క
ఈరోజుకీ నాకు తేలలేదు.
కానీ అలాంటి రాత్రి తనకి కావాలని
ముందుగా ఎవరు టిక్కు పెడతారమ్మా?
అది ఫోన్‌లోంచి తలెత్తలేదు.
వినలేదేమో. విన్నదేమో.

ఆ ఏడాది ఆఫీసు వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు:
లెక్కలో నలభై నాలుగు యెన్లు ఎక్కువొచ్చాయి,
ఎక్కడివి, కారణం రాయండి అని.
గడి కాస్త పెద్దది పంపించండి,
రాస్తాను, అన్నాను.